ఐదారు వేలలో, కళ్లజోడు పెట్టుకునేవాళ్లకి సరిపడే హెడ్‌ఫోన్స్ ఎలా ఎంచుకోవాలి?

మీ ప్రశ్నలో బడ్జెట్ ఐదారు వేలు, పాటలు వినాలి, ఇంటి నుంచి ఆఫీసు కాల్స్ మాట్లాడాలి అని రాసి, ఆఖర్లో ‘కళ్లజోడు ఉంది, గంట దాటితే చెవులు నొప్పి’ అన్నారు. నేనైతే ఆ ఆఖరి మాట నుంచే మొదలుపెడతాను. గంట కూడా పెట్టుకోలేని హెడ్‌ఫోన్స్‌లో సౌండ్ ఎంత బాగుంటే మాత్రం ఏం లాభం?

నేను ఇంట్లో కూర్చుని ఆడియో ఎడిటింగ్ చేస్తాను, ఎక్కువగా తెలుగు పాఠాల రికార్డింగులు. నాకూ కళ్లజోడు ఉంది, పనిరోజుల్లో సగం పూట హెడ్‌ఫోన్స్ నెత్తి మీదే ఉంటాయి. అందుకే సౌండ్ కంటే ముందు కుషన్లు చూడటం అలవాటైంది. చెవి మీద కూర్చునే చిన్న రకం మీకు వద్దు. అది చెవి డొప్పని కళ్లజోడు కాడకేసి నొక్కుతుంది, నొప్పి అక్కడే పుడుతుంది. చెవి మొత్తం లోపల పట్టేసే పెద్ద కుషన్ రకం తీసుకోండి. అందులోనూ డొప్ప ఎక్కడా తగలకూడదు. ఇక కళ్లజోడు వల్ల వచ్చే రెండో తంటా ఏంటంటే, కాడ దగ్గర కుషన్ పూర్తిగా ఆనక సన్నటి సందు మిగులుతుంది. బేస్, అంటే పాటలో గుమ్మనే లోతైన మోత, అందులోంచే జారిపోతుంది. షాపులో పాట నడుస్తుండగా రెండు కప్పులనీ అరచేతులతో మెల్లగా నొక్కి చూడండి. నొక్కగానే బేస్ బాగా పెరిగిందంటే అది మీ తలకి సరిగ్గా కూర్చోనట్టే. మీ కళ్లజోడు కాడలు లావుగా ఉంటే ఈ తేడా ఇంకా ఎక్కువ తెలుస్తుంది.

కుషన్ల మీది రెక్సిన్ మన ఎండలకీ చెమటకీ ఎన్నాళ్లో ఆగదు, పొలుసులు పొలుసులుగా రాలి చెంపలకి అంటుకుంటుంది. మే నెలలో విజయవాడలో కరెంటు పోయినప్పుడు అలాంటివి పెట్టుకుని చూడండి, చెవులు ఉడికిపోతాయి. ఆ మోడల్‌కి విడిగా కుషన్లు దొరుకుతాయా అని కొనేముందే వెతకండి. దొరక్కపోతే కుషన్ పోయిన రోజున హెడ్‌ఫోన్స్ కూడా పోయినట్టే. గుడ్డ కుషన్లు చల్లగా ఉంటాయి కానీ బేస్ కాస్త తగ్గుతుంది.

పెట్టె మీది అంకెల్ని పెద్దగా పట్టించుకోకండి. మనిషి చెవికి వినపడేదే సుమారు 20 నుంచి 20,000 హెర్ట్జ్ (శబ్దం ఎంత సన్నదో చెప్పే కొలత) దాకా, వయసుతో పాటు పైవైపు తగ్గుతూ వస్తుంది. కాబట్టి 40,000 అని అచ్చు వేసినంత మాత్రాన మీకు ఒరిగేదేమీ లేదు. లోపల శబ్దం పుట్టించే డ్రైవర్ సైజూ అంతే. ఒక్క అంకె మాత్రం చూడాలి, ఇంపీడెన్స్. అంటే కరెంటుకి హెడ్‌ఫోన్స్ ఇచ్చే అడ్డు, దాన్ని ఓముల్లో కొలుస్తారు. బేయర్‌డైనమిక్ డీటీ 770 ప్రోనే తీసుకుంటే 32, 80, 250 ఓములు అని వేరువేరుగా అమ్ముతారు. సెన్‌హైజర్ హెచ్‌డీ 600 అయితే 300 ఓములు. ఎవరో గొప్పగా చెప్పారని అలాంటిది కొని నేరుగా ఫోన్‌కి పెడితే సౌండ్ సన్నగా, నీరసంగా వస్తుంది. ఫోన్‌తో వినేవాళ్లు 32 నుంచి 50 ఓముల మధ్యలో చూసుకుంటే టెన్షన్ ఉండదు.

కాల్స్ సంగతికొస్తే, బ్లూటూత్ హెడ్‌ఫోన్స్ ల్యాప్‌టాప్‌కి పెట్టి పాట వింటున్నప్పుడు బాగానే ఉంటుంది. మీటింగ్‌లోకి వెళ్లి దాని మైక్ ఆన్ కాగానే సౌండ్ అంతా పాతకాలం టెలిఫోన్‌లా అయిపోతుంది. చాలామంది పీస్ పాడైందనుకుని రిటర్న్ చేస్తారు. పాడవదు. మామూలు బ్లూటూత్‌లో మైక్ వాడేటప్పుడు స్టీరియో పోయి తక్కువ నాణ్యత ఉన్న కాల్ మోడ్‌లోకి మారిపోతుంది, అంతే. మీటింగ్ సెట్టింగ్స్‌లో మైక్‌గా ల్యాప్‌టాప్ మైక్ ఎంచుకుని, వినడానికి మాత్రం హెడ్‌ఫోన్స్ పెట్టుకుంటే ఆ బాధ ఉండదు.

నాయిస్ క్యాన్సిలింగ్ అవసరమా అని కూడా అడిగారు. ఇంట్లో ఫ్యాను, ఏసీ హోరు, బస్సు ఇంజను లాంటి ఆగకుండా వచ్చే మోతని అది బాగా తీసేస్తుంది. బోస్ ఆడియో కంపెనీ పెట్టిన అమర్ బోస్‌కి 1978లో ఈ ఆలోచన తట్టింది కూడా విమానంలోనే. కుక్కర్ విజిల్, పక్కింటి వాళ్ల మాటలు మాత్రం వినపడుతూనే ఉంటాయి. మీరు రోజూ బస్సులో తిరిగేవారైతే తీసుకోండి, ఎందుకంటే బయట మోత తగ్గితే వాల్యూమ్ పెంచే పనుండదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో 80 డెసిబెల్స్ అయితే వారానికి 40 గంటలు వినొచ్చు, అదే 90 అయితే 4 గంటలే. ఇంట్లోనే ఉండేవారైతే ఈ బడ్జెట్‌లో ఆ డబ్బు సౌండ్ మీద పెట్టడమే మేలు.

ఇక వినడం. షాపువాడు పెట్టే పాట వద్దు, అది బేస్ దంచడానికే ఎంచుకున్నది. మీకు కంఠతా వచ్చిన పాట మీ ఫోన్‌లోంచే, ఈక్వలైజర్ (బేస్ లాంటివి పెంచి తగ్గించే సెట్టింగ్) ఆపి వినండి. నేను ఎప్పుడూ వాడేది కచేరీ రికార్డింగు. మృదంగం ఎడమ మూత గుమ్మన్నప్పుడు ఆ నాదం గాత్రం మీదికి పొర్లకూడదు. వెనక తంబురా శ్రుతి తెగకుండా వినపడాలి. ఆడగొంతులో స, శ, ష పలికినప్పుడు చెవిలో సూదిలా గుచ్చితే అది ట్రెబుల్ (సన్నటి, పదునైన శబ్దాలు) ఎక్కువైన హెడ్‌ఫోన్, మొదటి ఐదు నిమిషాలు ‘అబ్బ, ఎంత క్లియర్‌గా ఉందో’ అనిపించి తర్వాత తలనొప్పి తెస్తుంది. రెండింటిని పోల్చేటప్పుడు వాల్యూమ్ సమానంగా ఉంచండి. కాస్త గట్టిగా మోగినదే బాగున్నట్టు అనిపించడం మన చెవుల తత్వం. హైదరాబాద్‌లో ఉంటే కోఠి గుజరాతీ గల్లీలో కొన్ని షాపులు అడిగితే వినిపిస్తాయి, బిల్లు మాత్రం పట్టుబట్టి తీసుకోండి.

పేరు చెప్పమన్నారు కాబట్టి, మీ బడ్జెట్‌కి దగ్గర్లో నేను ముందు వినమనేది ఆడియో టెక్నికా ఏటీహెచ్-ఎం20ఎక్స్. 47 ఓములు, వైర్ ఉన్నది, గొంతులు ఉన్నవి ఉన్నట్టు వినిపిస్తాయి. లోపాలూ ఉన్నాయి. మైక్ లేదు, వైరు 3 మీటర్ల పొడవు, పైగా ఊడి రాదు. చెవులు పెద్దవైతే కుషన్ ఇరుకు. ఇంకాస్త ఖర్చు పెట్టగలిగితే ఎం40ఎక్స్‌లో వైరు మార్చుకోవచ్చు. ఫోన్‌కి జాక్ లేకపోతే టైప్-సీ నుంచి 3.5 ఎంఎం మార్చే చిన్న అడాప్టర్ కావాలి, దాని ఖర్చూ కలుపుకోండి. మీ ఫోన్ మోడల్, కాల్స్ ఫోన్‌లోనా ల్యాప్‌టాప్‌లోనా అన్నది రాస్తే ఏ అడాప్టర్ సరిపోతుందో చెప్తాను.