ముందు ప్యాంట్లు, తర్వాతే కుర్తీలు

ప్రశ్న: ప్రైవేటు ఆఫీసులో కొత్తగా చేరాను. వారానికి ఆరు రోజులు డ్యూటీ. బీరువాలో ఇరవై డ్రెస్సులున్నా పొద్దున తొందరలో తిప్పి తిప్పి ఆ నాలుగే వేసుకుంటున్నాను. తక్కువ బట్టలతో రోజుకో తీరుగా కనిపించాలంటే ఏం కొనాలి?
– ఒక పాఠకురాలు, హనుమకొండ

జవాబు: ఆ ఇరవైలో ఎక్కువ భాగం మూడు ముక్కల సెట్లే అయి ఉంటాయి. టాప్ మీది పూలే చున్నీ మీదా ఉంటాయి, ప్యాంటు అంచు మీదా ఉంటాయి. షాపులో పరిచినప్పుడు ముచ్చటగానే ఉంటుంది. కానీ ఆ ప్యాంటు ఇంకో టాప్ కిందికి రాదు, ఆ చున్నీ ఇంకో డ్రెస్ మీదికి ఎక్కదు. టాప్ చంక దగ్గర పిగిలిందంటే మిగతా రెండూ మూలకు పడ్డట్టే. కాబట్టి మొదటి పని, కొన్నాళ్లు సెట్లు కొనడం మానేయడం.

రెండోది, కొనే వరస మార్చడం. అందరూ కుర్తీ మీద మనసుపడి కొనేస్తారు, తర్వాత దాని కిందికి ప్యాంటు కోసం హనుమకొండ చౌరస్తాలో మ్యాచింగ్ సెంటర్లన్నీ తిరుగుతారు. మీరు ప్యాంట్లతో మొదలుపెట్టండి. మూడు చాలు, మూడూ ప్లెయిన్‌వే: నేవీ బ్లూ, మీగడ రంగు, మెరూన్. నలుపు వద్దంటున్నామని ఆశ్చర్యపోకండి. కాటన్ నలుపు ఉతుకుతున్న కొద్దీ వెలుస్తుంది, ఆ పైన కొత్త నల్ల కుర్తీ వేస్తే రెండు నలుపులూ రెండు రకాలుగా కనిపిస్తాయి.

తర్వాత ఐదు కుర్తీలు. ప్రతి కుర్తీకీ ఒకటే పరీక్ష: మూడు ప్యాంట్లలో కనీసం రెండింటి మీదికి రావాలి. తెలుపు మీద నీలిమందు రంగు ప్రింటు, ప్లెయిన్ ఆవపిండి రంగు, ప్లెయిన్ పిస్తా ఆకుపచ్చ, లేత బూడిద మీద చిన్న అచ్చు పూలు, ఇంకొకటి మీకు నచ్చిన ముదురు ప్లెయిన్. లెక్కకు ఐదు మూళ్లు పదిహేను జతలు. అన్నీ కుదరవు, పదకొండో పన్నెండో నిజంగా వేసుకోదగ్గవి మిగులుతాయి. ఆరు రోజుల డ్యూటీకి రెండు వారాలు గడిచిపోతాయి.

చున్నీలు మూడు. రెండు ప్లెయిన్, ఒకటి పోచంపల్లి ఇక్కత్. ఇక్కత్‌లో నూలుకు ముందే కట్లు కట్టి రంగు అద్ది, ఆ తర్వాత నేస్తారు. అందుకే డిజైను రెండు వైపులా ఒకేలా ఉంటుంది. ప్రింటు చున్నీ భుజం మీద తిరగబడితే వెలిసిన వెనక వైపు బయటపడుతుంది, దీనికి ఆ బెడద లేదు. అయితే ఇక్కత్ చున్నీని ప్లెయిన్ కుర్తీ మీదే వేయాలి. ఒక జతలో ఒక్క డిజైనే ఉండాలి, రెండైతే కొట్టుకుంటాయి.

రంగులు కుదిరినా కొలతలు కుదరక చెడేవి చాలా ఉంటాయి. ఘేరు ఎక్కువున్న పొడవాటి కుర్తీ కింద వెడల్పాటి పలాజో వేస్తే మనిషి గుడారంలా కనిపిస్తుంది. అన్నీ కలవాలంటే కుర్తీలు ఐదూ పక్కన చీలికలున్న స్ట్రెయిట్ కట్‌వే ఉండాలి, పొడవు 40 అంగుళాలకు అటూ ఇటూ. ప్యాంటు మూతి చుట్టుకొలత 14 అంగుళాలు. ప్యాంటుకు పక్క జేబు తప్పకుండా పెట్టించుకోండి, ఆడవాళ్ల ప్యాంట్లకు జేబెందుకని టెయిలర్ అన్నా సరే.

కుట్టించుకునేట్టయితే 44 అంగుళాల పన్నా గుడ్డ కుర్తీకి రెండున్నర మీటర్లు, ప్యాంటుకు రెండుంబావు. టెయిలర్‌కు ఇచ్చే ముందు రాత్రంతా నీళ్లలో నానబెట్టి, పిండకుండా నీడన ఆరేసి, ఇస్త్రీ చేసి ఇవ్వండి. కాటన్ మొదటి ఉతుకులో నూటికి మూడు నుంచి ఐదు వంతుల దాకా కుంచించుకుపోవచ్చు, అంటే 40 అంగుళాల కుర్తీలో రెండంగుళాల దాకా పోతుంది. లైనింగ్ గుడ్డను నానబెట్టడమే అందరూ మరిచేది. పై గుడ్డ అలాగే ఉండి లోపలిది కుంచించుకుంటే కింది అంచు పొడవునా ముడతలు పడతాయి, ఎంత ఇస్త్రీ చేసినా పోవు. పక్క కుట్ల లోపల అంగుళం గుడ్డ వదలమనండి. ఒళ్లు చేస్తే అందులో అరంగుళం చొప్పున విప్పినా చుట్టుకొలత రెండంగుళాలు వదులవుతుంది.

కొత్తవి కొనే ముందు ఒక ఆదివారం ఉన్నవాటిని కిటికీ పక్కన మంచం మీద పరవండి. ట్యూబ్‌లైటు కింద కాదు, పగటి వెలుతురులోనే చూడాలి. మీగడ రంగు ప్యాంటు పక్కన నీలిమందు పెట్టిన తెల్ల కుర్తీ ఉంచితే ప్యాంటు మాసినట్టు కనిపిస్తుంది, షాపు లైట్ల కింద ఆ తేడా తెలియదు. పాత సెట్లలో ప్లెయిన్ ప్యాంట్లేమైనా ఉంటే అవే మొదటి మూడింటిలో చేరతాయి, డబ్బు మిగులుతుంది.

వానాకాలంలో మీగడ రంగు ప్యాంటు మడతలోనే ఉంచండి. బస్టాండు ముందు ఎర్రమట్టి ఒక్కసారి చిమ్మిందంటే మరక వదలదు. మే నెలలో లైక్రా లెగ్గిన్స్ జోలికి పోవద్దు. బతుకమ్మ చీరలు, పెళ్లి బట్టలు ఈ లెక్కలోకి రావు, వాటి అర వేరుగా ఉంచండి.

ప్రశ్న: నేను టీచర్‌ను. రోజూ చీరే. ఎనిమిది కాటన్ చీరలకు ఎనిమిది జాకెట్లు కుట్టించాను, కుట్టుకూలే చీర ధరకు దగ్గరగా వస్తోంది. తగ్గించుకోలేమా?
– ఒక పాఠకురాలు, పరకాల

జవాబు: తగ్గించుకోవచ్చమ్మా. జాకెట్ రంగును చీర ఒంటి రంగుతో కాకుండా అంచుతో కలపండి. మీ ఎనిమిది చీరల అంచులు వరసగా పెట్టి చూస్తే మూడు నాలుగు రంగులే తేలతాయి. సాధారణంగా మెరూన్, నలుపు, ఆవపిండి రంగు. ఈ మూడింటికి తోడు ప్లెయిన్ చీరల కోసం ఒక ఇక్కత్ జాకెట్ చాలు. సిద్దిపేట గొల్లభామ చీర ఉంటే దాని మీదికి ఇక్కత్ వద్దు, ప్లెయిన్ వేయండి. లేకపోతే ఆ చిన్న బొమ్మల అందం కనిపించదు.

ఒక చిక్కుంది. నాలుగే జాకెట్లు తిరుగుతాయి కాబట్టి ఒక్కొక్కటి రెట్టింపు ఉతుకులు తింటుంది. ముందు పోయేది చంక దగ్గరే. లైనింగ్ కాటన్‌దే వేయించండి, ఎక్కువ వాడే రంగులో రెండు కుట్టించండి. లోపలి లంగాలు రెండు చాలు, ఒకటి మీగడ రంగు, ఒకటి ముదురుది. పలచని లేత రంగు చీర కింద ముదురు లంగా వేయొద్దు, పైకి కనిపిస్తుంది.

ప్రశ్న: మొదటి ఉద్యోగం. ఆఫీసుకు ఎన్ని షర్టులు, ప్యాంట్లు కావాలి?
– ఒక పాఠకుడు, గోదావరిఖని

జవాబు: ఐదు షర్టులు, మూడు ప్యాంట్లు. ప్యాంట్లు నేవీ, బూడిద, ఖాకీ. షర్టులు తెలుపు ఒకటి, లేత నీలం రెండు, సన్న గళ్లది ఒకటి, సన్న గీతలది ఒకటి. బెల్టు, బూట్లు ఒకే రంగువి తీసుకోండి, గోధుమ రంగైతే మూడు ప్యాంట్ల మీదికీ వస్తుంది. గుడ్డ తీసి కుట్టిస్తే 58 అంగుళాల పన్నాలో నిండు చేతుల షర్టుకు 1.6 మీటర్లు, ప్యాంటుకు 1.2. మీ దగ్గర బొగ్గు దుమ్ము మామూలే కాబట్టి తెల్ల షర్టు కాలర్‌ను ఉతికే ముందు సబ్బు రాసి పది నిమిషాలు ఉంచండి.

ప్రశ్న: ఎర్ర చున్నీ రంగు దిగి మీగడ రంగు ప్యాంటుకు అంటింది. ముందే ఉప్పు నీళ్లలో నానబెట్టినా ఇలా అయింది.
– ఒక పాఠకురాలు, జనగామ

జవాబు: అద్దకం అయిపోయిన గుడ్డకు ఉప్పు రంగును పట్టించలేదు. ఉప్పు పని రంగు తొట్టిలోనే. ఇకముందు కొత్త ముదురు బట్టను ఉతకక ముందే తడి తెల్ల రుమాలుతో లోపలి కుట్టు దగ్గర గట్టిగా రుద్దండి. రుమాలుకు అంటితే దాన్ని విడిగా చన్నీళ్లలో జాడించి, నానబెట్టకుండా వెంటనే ఆరేయాలి. అంటుకున్న ప్యాంటును మాత్రం ఎండబెట్టొద్దు, ఇస్త్రీ చేయొద్దు. తడి ఆరకముందే చన్నీళ్లు, సబ్బుపొడితో రెండు మూడు సార్లు ఉతికితే చాలావరకు వదులుతుంది. ఎండిపోయి ఉంటే రంగు బట్టలకు వాడే బ్లీచ్‌ను ప్యాకెట్ మీది కొలత ప్రకారం కలిపి, ముందు ప్యాంటు లోపలి మడత మీద ఒక చుక్క వేసి చూశాకే ముంచండి.