“అమెరికా అమ్మాయి” అని మాత్రం చెప్పమన్నది నేనే

ప్రశ్న అడిగిన అమ్మాయిది చిత్తూరు, ఉద్యోగం అమెరికాలో. అక్కడి నల్లజాతి అబ్బాయిని పెళ్ళి చేసుకోవాలనుకుంటోంది. ఇంట్లో ఎలా చెప్పాలి, మన ఊళ్ళలో నిజంగా ఎలా చూస్తారు అని అడిగింది. నాకంటే చిన్నదానివి కాబట్టి నువ్వు అనే రాస్తున్నా, ఏమీ అనుకోకు.

మాది తిరుపతి, కొర్లగుంట. మా తమ్ముడు 2018లో వర్జీనియాలో ఒక నల్లజాతి అమ్మాయిని చేసుకున్నాడు. ఎవరో చెప్తే విన్నది కాదు, మా ఇంట్లో జరిగింది రాస్తున్నా. అందులో నేను చేసిన తప్పు కూడా ఉంది, నీకు ఎక్కువ పనికొచ్చేది బహుశా అదే.

ముందు ఒకటి తెలుసుకో. మనవాళ్ళకి విదేశం పెద్ద అడ్డం కాదు, మతం కూడా అంత కాదు. అడ్డం కులం, రంగు. 2011లో మా మేనమామ కొడుకు కాలిఫోర్నియాలో తెల్లమ్మాయిని పెళ్ళి చేసుకుని తీసుకొస్తే వీధి వీధంతా కదిలింది. గుమ్మంలో ఎర్రనీళ్ళతో దిష్టి తీశారు, పట్టుచీర కట్టించారు, పక్కన నిలబడి ఫోటో దిగడానికి ఎప్పుడూ పలకరించనివాళ్ళు కూడా వచ్చారు. ఆ పిల్ల మతమేంటి, వాళ్ళ నాన్న ఏం చేస్తాడు, ఒక్కరూ అడగలేదు. అదే సంవత్సరం మా చిన్నాయన కూతురు పుత్తూరు దగ్గరి ఎస్సీ అబ్బాయిని చేసుకుంటానంటే ఇంట్లోంచి పంపేశారు. ఆ అబ్బాయి దానితోనే చదువుకున్నాడు, ఉద్యోగం ఉంది, మన భాషే, మనం తినే సంగటీ ఊరిబిండే తింటాడు, మనం మొక్కే దేవుడికే మొక్కుతాడు. ఆరేడేళ్ళు ఆ పిల్ల గడప ఎవరూ తొక్కలేదు. 2011-12లో దేశమంతా చేసిన మానవాభివృద్ధి సర్వేలో కులాంతర వివాహాలు నూటికి ఐదు దగ్గరే తేలాయని తర్వాతెప్పుడో చదివాను. మా ఇంట్లో చూసినదాన్నిబట్టి అదే ఎక్కువ అనిపించింది. తెల్లపిల్లని కులం అడగనివాళ్ళు పుత్తూరు అబ్బాయిని ఇంకేమీ అడగలేదు, కులం ఒక్కటే అడిగారు.

ఇవన్నీ మా తమ్ముడు చూశాడు కదా. అందుకే 2017లో ముందు నాకు ఒక్కదానికే చెప్పాడు. ఎనిమిది నెలలు నా కడుపులో పెట్టుకున్నా. ఫోటో చూశాను, మాట్లాడాను, మంచి పిల్ల, ఆసుపత్రిలో నర్సు. ఇక ఇంట్లో చెప్పాల్సిన రోజు వచ్చేసరికి నాకు టెన్షన్ పట్టుకుని, “ముందు అమెరికా అమ్మాయి అని మాత్రం చెప్పురా, మిగతాది మెల్లగా నేను చూసుకుంటా” అన్నాను. అలాగే చెప్పాడు.

అమ్మ ఒక రోజంతా ఏడ్చింది, రెండో రోజు మేనమామ ఇంటి వైభోగం గుర్తొచ్చినట్టుంది, కళ్ళు తుడుచుకుంది. మూడో రోజుకి వీధిలో అందరికీ చెప్పేసింది. అమెరికా కోడలు అంటే వాళ్ళ కళ్ళ ముందు ఎవరు మెదిలారో వేరే చెప్పక్కర్లేదు. వారం తర్వాత తమ్ముడు ఫోటో పంపాడు. అమ్మ ఫోన్ నా చేతికిచ్చి, “ఇది వేరేవాళ్ళ ఫోటో వచ్చినట్టుంది చూడవే” అంది. ఆ మాట ఇప్పటికీ నా చెవుల్లో ఉంది.

తర్వాత ఏమేం అన్నారో అన్నీ రాయలేను. “పుట్టే బిడ్డ ఎట్లుంటాదే?” అన్నది అమ్మే. మా అమ్మ రంగు తక్కువని ఆమె పెళ్ళిలో మా నాయన తరఫువాళ్ళు కట్నం పెంచి అడిగారు, ఆ కథ చెప్పి ఆమె ఎన్నిసార్లు ఏడ్చిందో నాకు తెలుసు. నా పెళ్ళిచూపులప్పుడు కాగితం మీద చామనచాయ అని రాయించడానికి కూడా ఆలోచించింది. రంగు వల్ల నొచ్చుకున్న మనిషి రంగు గురించి మెత్తగా మాట్లాడుతుందని నువ్వు అనుకుంటే పొరపాటు. ఆ దెబ్బ తనకి తగిలింది కాబట్టే మనవలకి తగలకూడదని భయం, ఆ భయం నోట్లోంచి వచ్చేటప్పుడు మాత్రం అవతలిపిల్లని అవమానించే మాటగానే వస్తుంది. శ్రీవారి మూలవిరాట్టు నల్లరాయి కాదా అమ్మా అని వాదించి చూశాను. ఎవరిమీదా పనిచేయలేదు, నువ్వు కూడా దానిమీద ఆశ పెట్టుకోకు.

నాయన రిటైర్డ్ టీచరు, సోషల్ చెప్పేవాడు. ఆయన ఆరు వారాలు తమ్ముడితో మాట్లాడలేదు. “నల్లపిల్ల అని కాదు, నన్ను వెర్రోణ్ణి చేసినారు ఇద్దరూ” అన్నాడు నాతో. ఆ మాటలో సగం నిజం, సగం సాకు అని నాకు అప్పుడే తెలుసు. కానీ ఆ సాకు ఆయన చేతికి ఇచ్చింది నేనే కదా. మొదటిరోజే ఫోటో చూపించి ఉంటే ఆయన రంగు గురించే మాట్లాడాల్సి వచ్చేది, దాచిన సంగతి వెనక దాక్కునే వీలుండేది కాదు.

ఆయన్ని కదిలించింది మా వియ్యపురాలు. మరదలి వాళ్ళమ్మకి కూడా ఈ పెళ్ళి ముందు నచ్చలేదు, ఈ సంగతి మనవాళ్ళు ఎప్పుడూ ఊహించరు, వాళ్ళు ఎగిరి గంతేసి ఒప్పుకుంటారనే అనుకుంటారు. వీడియో కాల్‌లో తమ్ముడు మధ్యలో తెలుగు చేస్తుంటే ఆమె నేరుగా అడిగింది: మీ ఇంట్లో నా కూతురికి గౌరవం ఉంటుందా? నాయన దగ్గర జవాబు లేదు. అప్పుడామె తన చిన్నతనం చెప్పింది. ఆమె పుట్టింది 1959లో, వర్జీనియాలోనే. అంతకుముందు ఏడాది ఆ రాష్ట్రంలోనే రిచర్డ్ లవింగ్ అనే తెల్లవాడినీ, అతని నల్లజాతి భార్య మిల్డ్రెడ్‌నీ పెళ్ళి చేసుకున్నందుకే అరెస్టు చేశారు. వాళ్ళు పెళ్ళి చేసుకుంది వాషింగ్టన్‌లో, వచ్చి ఉంటున్నది వర్జీనియాలో. ఏడాది జైలు శిక్ష వేసి, ఇరవై అయిదేళ్ళపాటు ఇద్దరూ కలిసి రాష్ట్రంలో అడుగుపెట్టకపోతే జైలుకి వెళ్ళక్కర్లేదన్నారు. వాళ్ళ కేసులోనే 1967 జూన్ 12న అక్కడి సుప్రీంకోర్టు జాతి వేరైతే పెళ్ళి కూడదనే చట్టాలన్నీ చెల్లవని చెప్పింది, అప్పటికింకా 16 రాష్ట్రాల్లో ఉన్నాయి. అలబామా తన రాజ్యాంగంలోంచి ఆ మాట తీసేసింది 2000లో మాత్రమే. మా వియ్యపురాలికి కోర్టు తీర్పు నాటికి ఎనిమిదేళ్ళు, పెద్దవాళ్ళు రేడియో దగ్గర కూర్చోవడం గుర్తుందట.

అంతకుముందు తమ్ముడు గాలప్ అనే అమెరికా సంస్థ సర్వే లెక్కలు చెప్పి చూశాడు, 1958లో నల్లవాళ్ళకీ తెల్లవాళ్ళకీ మధ్య పెళ్ళి సరే అన్నవాళ్ళు అమెరికాలో నూటికి నలుగురే, 2013 నాటికి ఎనభై ఏడుగురు అని. నాయన వినలేదు. ఈమె చెప్పింది మాత్రం విన్నాడు. కాల్ అయిపోయాక చాలాసేపు మాట్లాడకుండా కూర్చుని, ఆ 1967లో తనకి పదిహేనేళ్ళని, చంద్రగిరి వైపు తమ ఊరి టీకొట్టులో మాలపల్లెవాళ్ళకి వేరే గ్లాసులు ఉండేవని, తాగినవాళ్ళే కడిగి పెట్టేవాళ్ళని చెప్పాడు. మాకెప్పుడూ చెప్పలేదు ఆ సంగతి. ఆ నెలలోనే చిన్నాయన కూతురి ఇంటికి, పుత్తూరుకి, ఒక్కడే బస్సెక్కి వెళ్ళొచ్చాడు. అందుకే పైన ఆరేడేళ్ళు అని రాశాను. చిన్నాయన మాత్రం ఆమెతో ఇంకా మాట్లాడడు.

2019లో తమ్ముడు మరదల్ని తీసుకొచ్చాడు. ఊళ్ళో ఎలా చూస్తారని అడిగావు కదా. చూస్తారు, తల తిప్పకుండా చూస్తారు. గాంధీరోడ్డులో వెనక నడుస్తూ ఆఫ్రికానా, ఆఫ్రికానా అని గుసగుసలు. కపిలతీర్థం దగ్గర ఎవరో అడగకుండా జుట్టు పట్టుకుని చూశారు, ఆ పిల్ల గిరుక్కున తిరిగింది, తప్పేముంది? తిరుమలలో అన్యమతస్థులు సంతకం పెట్టే డిక్లరేషన్ కాగితం రెండుసార్లు చదివి, అర్థం అడిగి, పెట్టింది. క్యూలో మాత్రం మంచివాళ్ళే తగిలారు, ఒక ముసలామె మరదలి చంటిపిల్లల గురించి ఆరా తీసి, ఇంకా లేరంటే స్వామిని అడుగు అని చెప్పింది. చెయ్యెత్తి కొట్టేవాళ్ళు మన దగ్గర ఉండరని మాటివ్వలేను, 2016 జనవరిలో బెంగళూరులో ఎవరో చేసిన యాక్సిడెంట్‌కి సంబంధమే లేని టాంజానియా విద్యార్థినిని జనం కొట్టారు, అది మనకి దూరమేమీ కాదు. అతన్ని తీసుకొచ్చేటప్పుడు మొదటి కొన్ని రోజులు ఒంటరిగా తిరగనివ్వకు, ఎందుకో ముందే అతనికి వివరంగా చెప్పు.

ఇంకో మాట. నేను దాచమన్న సంగతి ఆ ప్రయాణంలోనే మరదలికి తెలిసింది, తమ్ముడే చెప్పాడు. ఆమె నా దగ్గరికి వచ్చి అడిగింది, నన్ను చూపించడానికి సిగ్గుపడ్డావా అక్కా అని. అక్కా అనే అంది. నేను అవునన్నాను. లేదని చెప్పగలిగేదాన్నే, చెప్పలేదు. క్షమించానని ఆమె అనలేదు, నేనూ అడగలేదు, ఒక ఏడాది మామధ్య మాటలు పొడిగానే నడిచాయి. వాళ్ళకి పాప పుట్టాక ఫోన్లు పెరిగాయి. అందుకే చెప్తున్నా, మీ ఇంట్లో మొదటి వాక్యంలోనే అతను నల్లజాతి అబ్బాయి అని చెప్పు, మంచి వెలుతురులో తీసిన మామూలు ఫోటో అప్పుడే చూపించు. నువ్వు ఇంట్లో ఎలా చెప్పావో అతనికి ఒకరోజు తెలుస్తుంది.

రిసెప్షన్ తిరుచానూరు రోడ్డులో హాల్లో పెట్టాం. మేనమామ రాలేదు, ఇప్పటికీ ఆ ఇంటి నుంచి రాకపోకలు లేవు. ఆల్బమ్ వచ్చినప్పుడు చూస్తే స్టూడియోవాళ్ళు మరదలి ముఖం ప్రతి పేజీలో తెల్లగా చేసేశారు, పాపం వాళ్ళు మంచి చేశామనే అనుకున్నారు. అమ్మ కూడా బాగుందిలే అంది. నాయన ఏమీ అనకుండా ఆల్బమ్ సంచిలో పెట్టుకుని టీవీఎస్ మీద స్టూడియోకి వెళ్ళాడు. “మా కోడలు ఎట్లుండాదో అట్లే ఉండాల” అని చెప్పి, కంప్యూటర్ ముందు కుర్చీ వేసుకుని, ఒక్కొక్క ఫోటో సరిచేసేదాకా కూర్చున్నాడట. రెండోసారి ప్రింటుకి డబ్బు ఆయనే కట్టాడు.

కాగితాల సంగతి త్వరగా చెప్తా. ఇక్కడ చేసుకోవాలంటే, ఇద్దరి మతాలూ వేరైతే, మామూలుగా 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టం కింద చేసుకుంటారు. నోటీసు ఇచ్చేముందు మీ ఇద్దరిలో ఒకరు ఆ జిల్లాలో కనీసం 30 రోజులు ఉండి ఉండాలి, నోటీసు బోర్డు మీద పెట్టాక మరో 30 రోజులు ఆగాలి, పెళ్ళికి ముగ్గురు సాక్షులు కావాలి. ఆ బోర్డు చూసి చుట్టాలకి ఫోన్లు వెళ్తాయి, అది కూడా లెక్కలో పెట్టుకో. తిరుపతి 2022లో వేరే జిల్లా అయింది, మీ ఇల్లు ఏ జిల్లాలో ఉందో ఆ ఆఫీసే. ఒకప్పుడు ఇలాంటి పెళ్ళికి జైలు వేసిన వర్జీనియాలోనే మా తమ్ముడికి లైసెన్స్ తీసుకున్న రోజే పెళ్ళి అయిపోయింది, అందుకే వాళ్ళు అక్కడ చేసుకుని వచ్చారు. నీకు ఇంకా భారత పౌరసత్వమే ఉంటే, పెళ్ళి రిజిస్టరై రెండేళ్ళు నిండాక అతను ఓసీఐ కార్డుకి, అంటే వీసా లేకుండా ఇండియాకి వచ్చి ఉండటానికి ఇచ్చే కార్డుకి, పెట్టుకోవచ్చు. ఇక్కడే చేసుకోవాలని ఉంటే మాత్రం రెండు వారాల సెలవు సరిపోదు, టికెట్లు బుక్ చేసే ముందే ఆ రోజులన్నీ లెక్కేసుకో.