ఇంట్లో బీరు: మెషిన్ సంగతి తర్వాత, ముందు ధర్మామీటరు

అడిగిన ప్రశ్న ఇది: “మాది వైజాగ్. ఇంట్లోనే బీరు తయారు చేసుకోవాలని సరదా. బొత్తిగా కొత్తవాడిని. ఏయే సామాను కొనాలి? అన్నీ ఒకదాంట్లోనే ఉండే ఎలక్ట్రిక్ మెషిన్ ఒకటి చూశాను, తీసుకోమంటారా?”

వద్దండీ. ఎందుకో చెప్తాను. దానికంటే ముందు ఇంకో మాట. ఆంధ్రప్రదేశ్‌లో 1968 నాటి ఎక్సైజ్ చట్టం ఉంది. లైసెన్సు లేకుండా మద్యం తయారు చేయడం దాని ప్రకారం నేరం. “అమ్మడానికి కాదు, మా ఇంట్లో మేం తాగడానికే” అంటే కుదరదు. బీరు వీడియోలు పెట్టేవాళ్లు ఈ ముక్క మాత్రం మింగేస్తారు. నేను బీరు కాచింది టెక్సస్‌లో ఉన్న రోజుల్లో. అమెరికాలో 1978లో కార్టర్ సంతకం పెట్టిన చట్టం వల్ల ఇంటి వాడకానికి బీరు చేసుకోవడానికి ఫెడరల్ ప్రభుత్వం ఒప్పుకుంది. ఒక్కరే పెద్దవాళ్లున్న ఇంటికి ఏడాదికి 100 గ్యాలన్లు, ఇద్దరు అంతకుమించి ఉంటే 200. అక్కడ కూడా మిసిసిపీ, అలబామా రాష్ట్రాలు 2013 దాకా బిగదీసుకునే కూర్చున్నాయి. వైజాగ్ తిరిగొచ్చాక నేను బీరు జోలికి పోలేదు. కాబట్టి కింద రాసేదంతా చట్టం ఒప్పుకునే చోట మీరున్నప్పుడు పనికొచ్చేది. మన ఊళ్లో ఎలాగూ ఇంటికొకరు అమెరికానో ఆస్ట్రేలియానో పోతున్నారు కదా, దాచుకోండి.

ఇక సామాను. కొలిచే వస్తువుల మీద డబ్బు పెట్టండి, కాచే వస్తువుల మీద వద్దు. గుండిగ ఎంత మెరిసినా లోపల నీళ్లు మరిగేది 100 డిగ్రీల దగ్గరే. ధర్మామీటరు అబద్ధం చెప్పిందంటే మాత్రం బీరు మొత్తం పోయినట్టే.

ఇది నాకు నేర్పింది మా నాన్న. జన్మలో బీరు ముట్టని మనిషి. వైజాగ్ స్టీల్ ప్లాంటులో ఇన్‌స్ట్రుమెంటేషన్‌లో చేసి రిటైరయ్యాడు. ఉక్కునగరం క్వార్టర్‌లో మా ఇంటి గోడ గడియారం కూడా రేడియో టైముతో సరిచూడందే నమ్మేవాడు కాదు. అమ్మా నాన్నా టెక్సస్‌లో మా దగ్గరికి వచ్చి ఉన్నప్పుడు, ఓ శనివారం గ్యారేజీలో గుండిగ పెట్టి వేడినీళ్లలో మాల్టు, అంటే మొలకెత్తించి ఆరబెట్టిన బార్లీ, నానేశాను. లోపల్నుంచి అమ్మ కేక: “ఏటది, బూస్టు మాడిపోతున్నట్టుంది!” నిజంగా ఆ వాసనే. నాన్న వచ్చి గుండిగ పక్కన నించున్నాడు. ఆయనకి వాసనతో పని లేదు. చూపంతా గుండిగలోకి గుచ్చిన డయల్ ధర్మామీటరు మీదే.

“ఎంత చూపిస్తోంది?”

“నూట యాభై ఒకటి.”

“నూట యాభై ఒకటా? నీళ్లేనా అవి?”

“ఫారెన్‌హీట్ నాన్నా.”

ఆయన మొహం చూడాలి. ఈ ఫారెన్‌హీట్ గోల నాకూ చిరాకే. ప్రపంచమంతా ఒక దారి, వీళ్లొక్కళ్లూ ఇంకో దారి. బీరు పుస్తకాల్లో గ్యాలన్లూ పౌండ్లూ ఔన్సులూ చదివి చదివి లెక్కలు మర్చిపోయే స్థితికి వస్తాం. నాన్న మాత్రం చిన్న కాగితం మీద లెక్కేసి 66 సెంటీగ్రేడ్ అని రాసుకున్నాడు. తర్వాత అడిగాడు, “ఎవరు కాలిబ్రేట్ చేశారు దీన్ని?”

“కొత్తది నాన్నా.”

“కొత్తదైతే ఏట్రా?”

గ్లాసు నిండా ఐసు నూరి పోయించాడు, దాని మీద కాసిన్ని చల్లనీళ్లు. ధర్మామీటరు అందులో పెట్టి కలుపుతూ కూర్చున్నాడు. ముల్లు 25 దగ్గర ఆగింది. ఐసు నీళ్లలో అది 32 చూపించాలి. మరిగే నీళ్లలో 212 చూపించాల్సింది 205 దగ్గరే నిలబడింది. రెండు చోట్లా ఏడు డిగ్రీలు తక్కువ. అంటే నేను 151 అనుకుంటున్న నీళ్లు నిజానికి 158, మన లెక్కలో 70 డిగ్రీలు.

నాలుగు డిగ్రీల తేడాకి ఇంత రాద్ధాంతమా అనుకోకండి. మాల్టులో పిండిపదార్థాన్ని చక్కెరగా మార్చే ఎంజైములు రెండు. చక్కెరని తిని ఆల్కహాల్ చేసేది ఈస్టు. అది హాయిగా తినగలిగే చక్కెరని ఎక్కువగా చేసేది బీటా అమైలేజ్, ఈ ఎంజైము 65 డిగ్రీల చుట్టుపక్కల బాగా పనిచేస్తుంది. 70 దాకా పోతే త్వరగా చచ్చిపోతుంది. మిగిలిన ఆల్ఫా అమైలేజ్ ఈస్టుకి మింగుడుపడని పెద్ద ముక్కలు మిగిలుస్తుంది. హైడ్రోమీటరు (ద్రవం నీళ్లకంటే ఎంత చిక్కనో చూపించేది, నీళ్లకి 1.000) 1.010 దాకా దిగాల్సింది 1.020 దగ్గర కాళ్లు చాపుకుని కూర్చుంటుంది. బీరు తియ్యగా, బరువుగా ఉంటుంది. అప్పటిదాకా మా ఇంటి బీర్లన్నీ ఎందుకలా ఉంటున్నాయో ఆ రోజు తెలిసింది.

డయల్ వెనకాల చిన్న నట్టు ఉంటుంది. నాన్న పానా పట్టుకుని, ఐసు నీళ్లలో ఉంచే ముల్లుని 32 దగ్గరికి తిప్పాడు. ప్లాంటులో అలవాటు కాబోలు, చిన్న టేపు ముక్క మీద తారీఖు రాసి దానికి అంటించాడు కూడా. ఇండియా వచ్చేదాకా అప్పుడప్పుడూ అడక్కుండానే చెక్ చేసేవాడు. ఆ తర్వాత కాచిన బీరు మా ఆఫీసు వాళ్లందరికీ నచ్చింది. నాన్న సీసా మూత తీసి వాసన చూసి, మళ్లీ మూత పెట్టేశాడు.

అందుకని మొదట మంచి డిజిటల్ ధర్మామీటరు, తర్వాత హైడ్రోమీటరు. హైడ్రోమీటరు మీద అది ఏ వేడి దగ్గర సరిగ్గా చదువుతుందో రాసి ఉంటుంది, 15.6 గానీ 20 గానీ. వేసవిలో 32 డిగ్రీల గదిలో చూస్తే మూడు నాలుగు పాయింట్లు, అంటే 0.003 నుంచి 0.004, తక్కువ చూపిస్తుంది, కలుపుకోవాలి. మొదటి రీడింగు 1.050, చివరిది 1.010 అయితే తేడాని 131.25తో గుణించండి, 5.25 శాతం ఆల్కహాల్ వస్తుంది.

ఆ మెషిన్ ఎందుకు వద్దన్నానంటే, అది మాల్టు నానడానికీ మరగడానికీ మాత్రమే పనికొస్తుంది. ఆ పని ఒక్కపూటది. తర్వాత వారం పది రోజులు ఈస్టు పనిచేసే కాలం ఉంది చూశారూ, అసలు బీరు అక్కడే తయారవుతుంది. మామూలు ఏల్ రకం బీరు చేసే ఈస్టుకి 18 నుంచి 22 డిగ్రీలు కావాలి. పైగా పులిసేటప్పుడు అదే వేడి పుట్టిస్తుంది, గది కంటే పులియబెట్టే బకెట్ లోపల రెండు మూడు డిగ్రీలు ఎక్కువే ఉంటుంది. టెక్సస్‌లో శ్రీకాకుళం మిత్రుడొకాయన అలాంటి మెషిన్ కొని, కాచిన దాన్ని జూలైలో గ్యారేజీలో వదిలేశాడు. వచ్చినదాంట్లో నెయిల్ పాలిష్ వాసన. వేడెక్కిన ఈస్టు చేసే పని అది. మర్నాటి తలనొప్పుల్లో సగం ఇలాంటి బీరు వల్లేనని నా గట్టి నమ్మకం, ఎవరేమన్నా సరే.

కాబట్టి మెషిన్ డబ్బులో కొంత పెట్టి పాత ఫ్రిజ్ ఒకటి, అనుకున్న వేడి దగ్గర దాన్ని ఆపి, మళ్లీ మొదలుపెట్టే టెంపరేచర్ కంట్రోలర్ ఒకటి కొనుక్కోండి. కంట్రోలర్ సెన్సరుని బకెట్ పక్కన టేపుతో అంటించి, పైన స్పాంజి ముక్క పెట్టాలి. గాల్లో వేలాడదీస్తే ఫ్రిజ్ ఊరికే ఆగుతూ మొదలవుతూ ఉంటుంది. నా ఫ్రిజ్ ఇప్పుడు ఎంవీపీ కాలనీలో వంటింటి పక్కన ఉంది. మే నెలలో మా ఆవిడ ఇడ్లీ పిండి దాంట్లో 26 దగ్గర పెడుతుంది, తెల్లారేసరికి పుల్లబడకుండా సరిగ్గా పొంగి ఉంటుంది. ఫ్రిజ్ పెట్టే జాగా లేనివాళ్లు నార్వే పల్లెల నుంచి వచ్చిన క్వైక్ అనే ఈస్టు వెతుక్కోవచ్చు. అది 35 డిగ్రీల్లో కూడా శుభ్రంగా పనిచేస్తుంది.

మిగతావి చవకే. మొదటిసారి ఐదు లీటర్లకి మించి చేయకండి. పది లీటర్ల స్టీలు గిన్నె, ఇంటి గ్యాస్ పొయ్యి చాలు. మాల్టు కట్టడానికి పల్చటి గుడ్డసంచి. పులియబెట్టడానికి ఫుడ్ గ్రేడ్ ప్లాస్టిక్ బకెట్, మూతకి ఎయిర్‌లాక్, అంటే లోపలి గ్యాసుని వదిలి బయటి గాలిని రానివ్వనిది. పాత పెయింటు డబ్బాలు కడిగి వాడదాం అనుకునేవాళ్లుంటారు, వాళ్లకో నమస్కారం. పెద్ద గాజు జాడీల జోలికీ పోవద్దు. తడిచేత్తో జారితే కాలు మీదే పడుతుంది. మరిగినదాన్ని చల్లబరచడానికి, లోపల నీళ్లు పారేలా చేసి అమ్మే రాగి చుట్ట కూడా ఇప్పుడే అక్కర్లేదు. వేసవిలో ట్యాంకు నీళ్లే కాగి వస్తుంటే అది దేన్ని చల్లబరుస్తుంది? ఐదు లీటర్లున్న గిన్నెని ఐసు వేసిన సింకులో పెడితే సరిపోతుంది. సీసాలకి వాడేసిన సోడా ప్లాస్టిక్ సీసాలే మేలు, నొక్కి చూస్తే గ్యాసు పట్టిందో లేదో తెలుస్తుంది. ఆ గ్యాసు పట్టడానికి సీసాలో లీటరుకి ఆరేడు గ్రాముల చక్కెర, అదీ హైడ్రోమీటరు రెండు మూడు రోజులు ఒకే అంకె చూపించాకే. తొందరపడి గాజు సీసాల్లో నింపితే పేలతాయి.

క్లిప్పులూ బిగించే క్లాంపులూ మాత్రం స్టెయిన్‌లెస్ స్టీలువే తీసుకోండి. మన ఊరి ఉప్పుగాలి సంగతి మీకు నేను చెప్పాలా? నేను పెట్టెలో తెచ్చుకున్న మామూలు ఇనుప క్లాంపులు బాల్కనీలో ఒక్క వానాకాలానికే ఎర్రపొడి అయిపోయాయి.

ఫ్రిజ్ చూడ్డానికి వెళ్లేటప్పుడు టేపు పట్టుకెళ్లి ఎయిర్‌లాక్‌తో సహా బకెట్ ఎత్తు కొలవండి. కింద వెనకవైపు కంప్రెసర్ మెట్టు ఎంత చోటు తింటుందో కూడా చూసుకోండి. సింగిల్ డోర్ వాటిలో పైనున్న ఫ్రీజర్ పెట్టె ఎయిర్‌లాక్‌కి తగులుతుంది. దాన్ని కాస్త పైకి వంచేద్దాం అనుకోకండి, ఆ పలకలోనే గ్యాసు గొట్టాలుంటాయి.