నల్లరేగడి డొంకలో గ్రావెల్ నిలవాలంటే

గుంటూరు, విజయవాడ పరిసరాల నుంచి రోడ్ల మరమ్మతులపై వచ్చిన ప్రశ్నల్లో కొన్నింటికి ఈ సంచికలో జవాబులు.

ప్రశ్న: మా పొలాల డొంక కిలోమీటరు పొడవు. రైతులం ఎకరానికి ఇంతని వేసుకుని ఏటా గ్రావెల్ తోలిస్తున్నాం. రెండు వానలకే ట్రాక్టర్లు దిగబడుతున్నాయి. ఎన్ని ట్రాక్టర్ ట్రక్కులు తోలిస్తే నిలుస్తుంది?
– ఒక రైతు, పెదనందిపాడు మండలం

జవాబు: ట్రక్కులు పెంచితే నిలిచేది కాదండీ. నల్లరేగడి తడిస్తే ఉబ్బి మెత్తబడుతుంది, ఎండితే నెర్రెలిస్తుంది. దాని మీద నేరుగా పోసిన గ్రావెల్ చక్రం బరువుకు కిందికి దిగుతుంది, బురద పైకి వస్తుంది. మీరు ఇన్నేళ్లూ పోసిందంతా ఆ అడుగునే ఉంది.

ముందు నీటి సంగతి తేల్చండి. ఎండాకాలంలో, నేల గట్టిగా ఉన్నప్పుడు, రెండు పక్కలా అరమీటరు లోతు కాలువలు తీయించండి. అవి ఏదో ఒక మురుగు కాలువలో కలిసి తీరాలి. చివర దారి లేని కాలువ డొంకను పక్కల నుంచి నానబెడుతుంది. దానికన్నా కాలువ లేకపోవడమే నయం. తవ్విన నల్లమట్టిని డొంక మీదికి ఎత్తించకండి, తొలకరికి అదే బురద. పొలాలకు నీళ్లు దాటించే చోట్ల ముందే తూములు వేయించండి. లేకపోతే నీటి తడులప్పుడు ఎవరో ఒకరు అడ్డంగా గండి కొట్టక మానరు.

నడుమ ఎత్తు, అంచులు పల్లం ఉండాలి. మూడు మీటర్ల వెడల్పుకు నడుమ నుంచి అంచుకు ఆరు సెంటీమీటర్ల వాలు, అంటే 4 శాతం. దాని మీద 10–15 సెం.మీ. ఇసుక గానీ, బంక లేని గరుకు గ్రావెల్ గానీ కాలువ అంచు దాకా పరవండి. ఆపైన ఎర్ర గ్రావెల్. రోలింగ్ అయ్యాక 15 సెం.మీ. మందం మిగలాలంటే 450 ఘనపు మీటర్లు కావాలి. వదులుగా తోలేటప్పుడు 30 శాతం అదనం, అంటే 585. ట్రక్కుకు 3 ఘ.మీ. పడితే 195 ట్రక్కులు. బేరానికి ముందే ట్రక్కు పెట్టెను టేపుతో కొలవండి, తేడా వచ్చేది అక్కడే.

గ్రావెల్‌ను తడిపి గుప్పెట్లో పిసికితే ముద్ద కట్టాలి, చేతికి జిగురు అంటకూడదు. ముద్ద కట్టనిది ఎండకు దుమ్మై లేచిపోతుంది, జిగురుది వానకు జారుతుంది. రెండు పొరలుగా వేసి, ఒక్కో పొరనూ తడిపి 8–10 టన్నుల రోలర్ తిప్పాలి. ట్రాక్టర్లతో తొక్కిస్తే చక్రాల జాడలే గట్టిపడతాయి, వాటిలోనే నీళ్లు నిలుస్తాయి.

ప్రశ్న: పంచాయతీని అడిగితే నిధులు లేవంటున్నారు. డొంకకు ప్రభుత్వ డబ్బు రాదా?
– అదే రైతు

జవాబు: వస్తుంది, అడిగే తీరులో అడగాలి. 2021–26 కాలానికి 15వ ఆర్థిక సంఘం పంచాయతీలకిచ్చిన గ్రాంటులో 60 శాతం తాగునీరు, పారిశుద్ధ్యానికే కట్టుబడింది. స్థానిక అవసరాలకు మిగిలింది 40 శాతం. కాబట్టి ‘డబ్బుందా’ అని కాకుండా ‘అన్‌టైడ్ (ఫలానా పనికే అని కట్టుబడని) పద్దులో ఎంత ఉంది’ అని అడగండి. ఈ-గ్రామ్‌స్వరాజ్ పోర్టల్‌లో పంచాయతీ లెక్కలు ఎవరైనా చూడొచ్చు. పని జీపీడీపీలో, అంటే గ్రామ పంచాయతీ అభివృద్ధి ప్రణాళికలో ఎక్కాలి, ప్లాన్‌లో లేని పనికి బిల్లు కాదు. ఆ ప్రణాళిక గ్రామసభలు అక్టోబరు 2 నుంచి మొదలవుతాయి. జూన్‌లో బురద చూసి ఇచ్చిన అర్జీ పక్కన పడేది అందుకే.

అర్జీలో సర్వే నంబర్లు, పొడవు, ఎన్ని ఎకరాలకు దారి, తూములు ఎక్కడెక్కడ అన్నవి రాయండి. అప్పుడే ఇంజినీరింగ్ అసిస్టెంట్ ఎస్టిమేట్ వేయగలరు. అంతకుముందే మండల సర్వేయర్‌తో ఎఫ్‌ఎంబీ (సర్వే కొలతల పుస్తకం) ప్రకారం కొలిపించి రాళ్లు పాతించండి. ఆక్రమణలు పోను మిగిలిన వెడల్పులో పక్క కాలువలు పట్టవు. డొంక కాలువకట్ట మీదైతే మాత్రం అది జలవనరుల శాఖ వ్యవహారం.

మీ చందా డబ్బును పంచాయతీ పనిలో కలపొద్దు. ఎవరు ఎంత పోశారో తేలక ఎం-బుక్కు (చేసిన పని కొలతలు రాసే పుస్తకం) కొలతలు కుదరవు, బిల్లు ఆగుతుంది. చందాతో కాలువల పూడిక తీయించుకోండి, గ్రావెల్ పంచాయతీకి వదిలేయండి. రోలింగ్ చెడకుండా ఏటా గుంతలు పూడ్చడానికి ఓ పది ట్రక్కుల గ్రావెల్ గట్టున నిల్వ ఉంచుకుంటే మంచిది.

ప్రశ్న: పైపు కోసం కోసిన సీసీ రోడ్డు కుంగుతూనే ఉంది. వచ్చి ఇటుక ముక్కలు పోసి వెళ్తున్నారు.
– ఒక గృహిణి, సింగ్‌నగర్, విజయవాడ

జవాబు: తవ్విన మట్టినంతా ఒకేసారి గోతిలోకి తోసేస్తే జరిగేది ఇదే. ఇటుక ముక్కల సందుల్లోకి వాన నీటితో మట్టి జారి మళ్లీ దిగుతుంది. మెత్తని మట్టి పూర్తిగా తీసి, 15–20 సెం.మీ. పొరలుగా నింపుతూ ప్రతి పొరనూ కాంపాక్టర్‌తో దిమ్మిస చేయాలి. పాత కాంక్రీటును గోతికి రెండు పక్కలా మరో 15 సెం.మీ. కట్టర్‌తో తిన్నగా కోస్తే, కొత్త కాంక్రీటు కదలని నేల మీద ఆనుతుంది. క్యూరింగ్ 14 రోజులు.

ఇంత చేసినా కుంగితే దగ్గరి మ్యాన్‌హోల్ మూత తీయించి చూడమనండి. అడుగున ఇసుక పేరుకుంటే పైపు జాయింటు విడిపోయి మట్టిని లాగుతోందన్నమాట. అప్పుడు రోడ్డుకు ఎంత పోసినా దండగ. వార్డు ఎమినిటీస్ సెక్రటరీకిచ్చే ఫిర్యాదులో ఆ మాట రాసి, కాంట్రాక్టర్ గ్యారంటీ గడువు ఎప్పటిదాకా ఉందో కూడా అడగండి.

ప్రశ్న: అపార్టుమెంటు ముందు గుంతకు రెడీమేడ్ తారు మిక్స్ ఎంత కొనాలి?
– గుంటూరు

జవాబు: రెండడుగుల చదరం, 5 సెం.మీ. లోతు గుంతకు దాదాపు 40 కిలోలు. అంచులు నిలువుగా కోసి, దుమ్మంతా ఊడ్చి, పక్కలకూ అడుగుకూ తారు ఎమల్షన్ రాసి, రోడ్డు మట్టం కన్నా అర సెంటీమీటరు ఎత్తుగా దిమ్మిస చేయండి. వీధి కార్పొరేషన్‌ది కాబట్టి ముందు వార్డు సచివాలయంలో చెప్పండి. జాతీయ రహదారి సర్వీస్ రోడ్డైతే 1033కి ఫోన్ చేయండి.