ఇంగ్లీషు మోకాలు స్వీడిష్‌లో ఎక్కడ తేలుతుంది?

ప్రశ్న: స్వీడన్ వచ్చి మూడు నెలలైంది, ఎస్‌ఎఫ్‌ఐ క్లాసుల్లో చేరాను. ఇంగ్లీషులో మోకాలి మీద ఉన్న మాటల్ని, జాతీయాల్ని స్వీడిష్‌లోకి మార్చి చెబితే టీచరు నవ్వుతున్నారు. నీ-జర్క్, నీ-డీప్, బీస్ నీస్ లాంటివాటికి అసలు స్వీడిష్‌లో ఏమంటారు?

జవాబు:

(ముందుగా ఇండియాలో ఉండి చదివేవాళ్ళకి: ఇక్కడ ఎస్‌ఎఫ్‌ఐ అంటే విద్యార్థి సంఘం కాదు, వలస వచ్చినవాళ్ళకి ప్రభుత్వం ఉచితంగా నేర్పే స్వీడిష్.)

మా పాపకి రెండేళ్ళు. గోథెన్‌బర్గ్‌లో కొత్తగా డేకేర్‌లో వేశాం. ఒక సాయంత్రం తీసుకురావడానికి వెళ్తే టీచరమ్మ నవ్వుతూనే ఏదో చెప్పింది. అందులో నాకు చెవినపడ్డ ముక్క "సిత్తా ఈ క్నేత్". అప్పటికి నాకు తెలిసిన "క్నే" ఒక్కటే, మోకాలు. పిల్ల ఎక్కడో పడి మోకాలు చెక్కుకుపోయిందనుకుని, ఆ చలికాలపు బొంత లాంటి ఓవరాల్‌ని అక్కడే గుమ్మంలో విప్పి, లోపలి ప్యాంటు పైకి లాగి రెండు మోకాళ్ళూ వెతికాను. గీత కూడా లేదు. ఆవిడ కాసేపు నన్ను వింతగా చూసి, కుర్చీలో కూర్చుని తన ఒడిని రెండుసార్లు తట్టి చూపించింది. రోజంతా ఒడిలోంచి దిగనని పేచీ పెట్టిందట. ఆవిడ చెప్పింది అదీ.

స్వీడిష్‌లో క్నే అంటే మోకాలు, ఒడి కూడా. ఇంగ్లీషులో ఒడికి ల్యాప్ అని వేరే మాట ఉంది కాబట్టి ఇంగ్లీషు దారిన వెళ్ళేవాళ్ళందరూ ఇక్కడ తప్పకుండా ఒకసారి తడబడతారు. ఆ రోజు నుంచీ నేను పద్ధతి మార్చుకున్నాను: స్వీడిష్ జాతీయం ఎదురైతే ఇంగ్లీషులో దాని జోడీ వెతకడం మానేసి, మా అమ్మమ్మ అయితే దీన్ని ఎలా అనేదని ఆలోచిస్తాను. చాలాసార్లు అదే పనిచేస్తుంది. మీకూ అదే చెబుతాను.

మొదట మాట సంగతి. ఇంగ్లీషు "నీ"లో కె మూగబోయింది కానీ పాత ఇంగ్లీషులో దాన్నీ పలికేవారు, సుమారు పదిహేడో శతాబ్దంలో వదిలేశారు. స్వీడన్‌వాళ్ళు వదల్లేదు, "క్‌నే" అని పూర్తిగా పలుకుతారు. మీరు "నే" అంటే ఎవరికీ అర్థం కాదు. స్వీడిష్ నామవాచకాలు "ఎన్", "ఎత్" అని రెండు రకాలు, ఇది "ఎత్" తరహా మాట: ఒకటైతే "ఎత్ క్నే", ఆ మోకాలు అంటే "క్నేత్", చాలా ఉంటే "క్నేన్", ఆ మోకాళ్ళు "క్నేనా". గుర్తుపెట్టుకోవడానికి నా చిట్కా ఆజానుబాహుడు. సంస్కృతం "జాను", లాటిన్ "గెను", ఇంగ్లీషు "నీ", స్వీడిష్ "క్నే" అన్నీ ఒకే వేరు నుంచి పుట్టినవే. మన మోకాలు మాత్రం ఆ కుటుంబం కాదు.

ఒడి అనే అర్థం పట్టుకుంటే కొన్ని మాటలు వాటంతటవే విడిపోతాయి. ఇంగ్లీషువాళ్ళ ల్యాప్‌డాగ్ ఇక్కడ "క్నేహుంద్", ఒడి కుక్క. రాజకీయాల్లో ఫలానావాడు ఫలానా పెద్దమనిషి "క్నేత్"లో కూర్చున్నాడంటే ముద్దు చేస్తున్నారని కాదు, వాడి చెప్పుచేతల్లో ఉన్నాడని. ఇంగ్లీషులో అయితే జేబులో ఉన్నాడంటారు. నాకు అన్నిటికంటే ఇష్టమైనది "క్నేసెత్తా". అక్షరాలా ఒడిలో కూర్చోబెట్టుకోవడం. ఇప్పుడు దీన్ని ఒక సిద్ధాంతాన్నో పద్ధతినో తమదిగా స్వీకరించడం అనే అర్థంలో వాడతారు, అదీ కాస్త గంభీరమైన రాతల్లో. మూలం మాత్రం దత్తత. పాత నార్డిక్ ఆచారంలో పిల్లవాణ్ణి తొడ మీద కూర్చోబెట్టుకుంటే పెంపకం ఒప్పుకున్నట్టే. నార్వే రాజుల పాత కథల్లో హారల్డ్ రాజు తన చిన్న కొడుకు హాకోన్‌ని ఇంగ్లండుకి పంపుతాడు. దూత వెళ్ళి ఆ పిల్లాణ్ణి తటాలున అథెల్‌స్టన్ రాజు ఒళ్ళో కూర్చోబెడతాడు. ఇతరుల బిడ్డను పెంచేవాడు వాళ్ళకంటే తక్కువ స్థాయివాడని అప్పటి లెక్క, అంటే నిండు సభలో అవమానం చేసినట్టు. అయినా అథెల్‌స్టన్ పెంచాడు, ఆ కుర్రాడికి "అథెల్‌స్టన్ పెంపుడు కొడుకు" అన్న పేరే నిలిచిపోయింది. మేనమామ ఒళ్ళో కూర్చోబెట్టి చెవులు కుట్టించే ఇళ్ళలో పుట్టిన మనకి ఒడి అంటే వరస కలుపుకోవడమని ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు కదా. ఈ మాట మాత్రం ఎస్‌ఎఫ్‌ఐలో రాదు, పేపరు చదివేటప్పుడు తగులుతుంది.

ఇక మీరడిగిన జాతీయాలు. వీటిలో చాలావాటికి స్వీడిష్‌లో మోకాలే ఉండదు. ఇంగ్లీషు మోకాలు ఇక్కడ వెన్నులోనో చెవుల దగ్గరో తేలుతుంది.

నీ-జర్క్ రియాక్షన్ చూడండి. డాక్టరు మోకాలి చిప్ప కింద చిన్న సుత్తితో కొడితే కాలు దానంతటదే ఎగురుతుంది. 1875లో ఎర్బ్, వెస్ట్‌ఫాల్ అనే ఇద్దరు జర్మన్ డాక్టర్లు విడివిడిగా దీని గురించి రాశారు. ఆ దెబ్బ కబురు వెన్నుపాము దాకా వెళ్ళి అక్కణ్ణుంచే వెనక్కి వస్తుంది, మెదడు అనుమతి కోసం ఆగదు. ఆలోచించకుండా ఠక్కున చేసే పనికి ఇంగ్లీషువాళ్ళు ఎగిరిన చోటు పేరు పెట్టారు, స్వీడన్‌వాళ్ళు నిర్ణయం జరిగిన చోటు పేరు పెట్టారు: "రిగ్‌మేర్యస్-రెఫ్లెక్స్", వెన్నుపాము ప్రతిచర్య. డాక్టరు దగ్గర జరిగే అసలు పరీక్షకి "క్నేరెఫ్లెక్స్" అనే మాట ఉంది కానీ, ఆఫీసులో మేనేజరు తొందరపాటు మెయిల్‌ని అలా అనరు. మీ టీచరు నవ్వింది బహుశా దీనికే. మెదడు మోకాల్లో ఉందా అని తిట్టుకునే మనం ఈ విషయంలో ఇంగ్లీషువాళ్ళ పక్షమే అనుకుంటాను.

నీ-డీప్ రెండు రకాలు. నిజంగా మోకాలి లోతు మంచు అయితే "క్నేజూప్" అనొచ్చు, మాటకి మాట సరిపోతుంది. పనిలోనో అప్పుల్లోనో నీ-డీప్ అంటే మాత్రం స్వీడిష్‌లో నీళ్ళు ఒక్కసారిగా పైకి లేస్తాయి: "ఉప్ ఓవెర్ ఓరొనెన్", చెవుల పైదాకా. మనం పీకల్లోతు దగ్గర ఆగాం, వీళ్ళు ఇంకో జానెడు ముందుకెళ్ళారు. ప్రేమలో పడ్డా ఇదే మాట.

తల్లి మోకాలి దగ్గర నేర్చుకున్నది అని ఇంగ్లీషులో ఒక మాట ఉంది, ఎట్ హిజ్ మదర్స్ నీ అని. దీన్ని నేను మొదట మాటకి మాట మార్చి, ఒడి అర్థం కూడా ఉంది కదా అని ధీమాగా వాడేశాను. ఎదుటాయన మర్యాదకి తలూపాడు కానీ ముఖంలో ఏమీ వెలగలేదు. ఇక్కడ అనేది "మేద్ మూదెర్స్‌మ్యోల్కెన్", తల్లిపాలతో. మన ఉగ్గుపాలే! ఇంగ్లీషుని మధ్యలో పెట్టుకోకుండా ఉంటే ఒక్క క్షణంలో దొరికేది.

నీ-హై టు ఎ గ్రాస్‌హాపర్, అంటే మిడత మోకాలెత్తున ఉన్నప్పటి నుంచీ అనే అమెరికా మాట. దీనికి స్వీడిష్‌లో "ఎన్ త్వేర్‌హంద్ హోగ్". త్వేర్‌హంద్ అంటే అడ్డంగా పెట్టిన అరచేతి వెడల్పు, అంటే సాక్షాత్తూ మన బెత్తెడు. బెత్తెడంత ఉన్నప్పటి నుంచీ వీడు పడవలు నడుపుతున్నాడు అన్నట్టు వాడతారు. వేలెడంత లేడు అనే మనకి ఇది పరాయిమాట ఎలా అవుతుంది?

బీస్ నీస్‌కి మాత్రం ఆశ పెట్టుకోకండి. అది భలే బాగుంది అనడానికి వాడే 1920ల నాటి అమెరికా సరదా మాట, తేనెటీగ మోకాళ్ళు ఇక్కడిదాకా ఎగిరి రాలేదు. "తొప్పెన్" అనండి చాలు, అదిరింది అని. వీక్ ఎట్ ద నీస్ ఒక్కటీ నేరుగా దిగుతుంది, "క్నేస్వాగ్", అక్షరాలా మోకాలు బలహీనం. భయానికీ పనికొస్తుంది, అందమైన మనిషి ఎదురైనప్పుడూ పనికొస్తుంది.

ఇంగ్లీషులో లేని తీరులో స్వీడిష్‌వాళ్ళు వాడే మోకాలు ఇంకోటి ఉంది, ఇది రోజూ వింటారు. మా టీమ్‌లో ఇద్దరు మానేశాక ఒక శుక్రవారం ఫీకాలో, అంటే ఇక్కడివాళ్ళు నిష్ఠగా పాటించే ఆ కాఫీ విరామంలో, పక్కసీటాయన దాల్చినచెక్క బన్ను తుంచుతూ "వీ గోర్ పో క్నేనా" అన్నాడు. మేం మోకాళ్ళ మీద నడుస్తున్నాం అని. నా కళ్ళ ముందు అలిపిరి మెట్లదారిలో మోకాళ్ళ పర్వతం, పసుపు బట్టల్లో ఒక్కో మెట్టూ మోకాళ్ళతో ఎక్కే భక్తులూ కదిలారు. మొక్కేమిటి ఈయనకి అనుకున్నాను. విషయం ఏమిటంటే, పని భారంతో నిలబడే ఓపిక కూడా అయిపోయిందని అర్థం. ఆస్పత్రుల్లో నర్సులు చాలక వైద్య వ్యవస్థ "గోర్ పో క్నేనా" అని పేపర్లో శీర్షికలు చూస్తూనే ఉంటారు. ఇంగ్లీషులో ఆన్ ఇట్స్ నీస్ అంటే కుప్పకూలినట్టు, స్వీడిష్‌లో ఇంకా నడుస్తూనే ఉన్నట్టు. ఆ తేడా నాకు నచ్చుతుంది. బతిమాలడానికి అయితే "పో సీనా బారా క్నేన్", ఒట్టి మోకాళ్ళ మీద. మనం కాళ్ళావేళ్ళా పడతాం, వీళ్ళు ప్యాంటు పైకి మడుచుకుంటారన్నమాట.

మోకాళ్ళ మీద ఉండటాన్ని "స్తో పో క్నే" అంటారు, అంటే నిలబడటం అనే క్రియే. మన బడిలో "మోకాళ్ళ మీద నిలబడు" అన్నట్టే. ఒకసారి లంచ్‌లో ఈ పోలిక చెప్పబోయి, హోంవర్కు చేయలేదని వరండాలో మమ్మల్ని గంటసేపు అలా నిలబెట్టిన సంగతి, గోడకుర్చీ సంగతి నవ్వుతూ చెప్పాను. బల్లచుట్టూ ఫోర్కులు ఆగిపోయాయి. 1979లోనే పిల్లల్ని కొట్టడాన్ని, ఇంట్లో అయినా సరే, చట్టంతో నిషేధించిన మొట్టమొదటి దేశం ఇది. అందుకే ఇంగ్లీషులో తమాషాకి అనే ఒళ్ళో బోర్లా వేసి తంతాను లాంటి మాటల్ని అనువదించే పని అసలు పెట్టుకోకండి.

ఒంటి భాగాల మాటలు సులువు, పైగా తెలుగుకి దగ్గర. ఇంగ్లీషువాళ్ళు నీక్యాప్ అని మోకాలికి టోపీ పెట్టారు, స్వీడన్‌వాళ్ళు గిన్నె పెట్టారు: "క్నేస్కోల్". మన చిప్ప. ఆ "స్కోల్" గ్లాసులు ఎత్తి చీర్స్ చెప్పేటప్పుడు అనే స్కోలే. మోకాలి వెనక మడతకి ఇంగ్లీషులో రోజువారీ మాట లేదు, ఇక్కడ "క్నేవెక్" అని చక్కటి మాట ఉంది. వేసవిలో సరస్సుల పక్కన దోమలు కుట్టేది అక్కడే, పనికొస్తుంది.

కానీ ఫిజియోథెరపిస్టు దగ్గర జాగ్రత్త. నేను పరుగు మొదలుపెట్టిన ఏడాది మెట్లు దిగుతుంటే చిప్ప వెనక నొప్పి వచ్చేది. రన్నర్స్ నీ అని ఇంటర్నెట్‌లో చదివి, దాన్ని మాటకి మాట మార్చి "లోపర్‌క్నే" అని చెప్పాను. ఆవిడ మోకాలి బయటివైపు నొక్కడం మొదలుపెట్టింది. ఇక్కడ లోపర్‌క్నే అంటే ఆ బయటి పక్క నొప్పి, ఇంగ్లీషులో ఎక్కువగా చిప్ప చుట్టుపక్కల నొప్పినే రన్నర్స్ నీ అంటారు. పేరు చెప్పొద్దు, వేలు పెట్టి చూపించండి. అక్కడితో అయిపోలేదు. పది "క్నేబొయ్" చేయమంది. క్లాసులో మాకు చర్చి పాఠంలో "క్నేబొయా" అంటే మోకరిల్లడం అని చెప్పారు. నేను భక్తిగా చాప మీద మోకరిల్లాను. ఆవిడ కొంచెంసేపు ఆగి, "లేదు లేదు" అంటూ తనే రెండు గుంజీలు తీసి చూపించింది. జిమ్ములో క్నేబొయ్ అంటే స్క్వాట్.

చివరిగా, క్నెక్కెబ్రోద్ అనే కరకరలాడే రొట్టె పేరులో మోకాలు లేదు, అది "క్నెక్కా", పుటుక్కున విరగడం నుంచి వచ్చింది. డిసెంబరులో ఎవరైనా "క్నెక్" తింటారా అని అడిగితే అదీ మోకాలు కాదు, క్రీమూ చక్కెర పాకమూ కలిపి కాచే క్రిస్మస్ మిఠాయి. మన బెల్లంపాకం ఉండలాగా పంటికి అతుక్కుంటుంది. పై పన్నుకి క్యాప్ ఉంటే వద్దని చెప్పండి, నాది అలాగే ఊడింది.