పింగ్ స్కాన్‌లో కనిపించని కంప్యూటర్ ఆఫీసు నెట్‌వర్క్‌లో లేనట్టేనా?

లేనట్టు కాదు, ఆ కంప్యూటర్ పింగ్‌కు (ఉన్నావా అని అడిగే చిన్న సందేశానికి) జవాబివ్వలేదని మాత్రమే దాని అర్థం. విండోస్‌లోని ఫైర్‌వాల్, ముఖ్యంగా నెట్‌వర్క్‌ను పబ్లిక్‌గా గుర్తించినప్పుడు, బయటి నుంచి వచ్చే పింగ్‌ను సాధారణంగా అడ్డుకుంటుంది. అయితే ఒకే సబ్‌నెట్‌లోని (మధ్యలో రౌటర్ లేని ఒకే నెట్‌వర్క్ భాగంలోని) పరికరాల మధ్య సమాచారం నడవాలంటే ఐపీ అడ్రసుకు సరిపోయే మ్యాక్ అడ్రసు (నెట్‌వర్క్ కార్డుకు ఉండే హార్డ్‌వేర్ గుర్తింపు) తెలియాలి కాబట్టి, దానిని అడిగే ఏఆర్‌పీ ప్రశ్నకు, పింగ్‌ను అడ్డుకునే యంత్రం కూడా మామూలుగా జవాబిస్తుంది. అందుకే ఆఫీసులోని పరికరాలను లెక్కించడానికి ఏఆర్‌పీ స్కాన్ ఎక్కువ నమ్మదగినది.

దీనికి ఒక పరిమితి ఉంది: ఏఆర్‌పీ రౌటర్‌ను దాటదు. ఉదాహరణకు, ఒక గ్రానైట్ వ్యాపారానికి ఒంగోలు ఆఫీసులో 192.168.1.0/24, చీమకుర్తి క్వారీ ఆఫీసులో 192.168.2.0/24 శ్రేణులు ఉన్నాయనుకుందాం. ఒక్కో శ్రేణిలో పరికరాలకు ఇవ్వదగిన అడ్రసులు 254. ఒంగోలులోని స్కానర్ చీమకుర్తి కంప్యూటర్లను ఏఆర్‌పీతో చూడలేదు. అక్కడే ఇంకొక స్కానర్‌ను నడపాలి, లేదా అక్కడి రౌటర్‌లోని ఏఆర్‌పీ పట్టికను (ఐపీ, మ్యాక్ అడ్రసుల జతల జాబితాను) ఎస్ఎన్ఎంపీ (నెట్‌వర్క్ పరికరాల సమాచారాన్ని దూరం నుంచి చదివే పద్ధతి) ద్వారా చదవాలి. రెండోది తేలిక, కానీ పాత నమోదులు తొలగిపోతుంటాయి కాబట్టి పని వేళల్లో పలుమార్లు చదవడం మంచిది.

స్కాన్‌లో కనబడిన ప్రతి పరికరమూ మన నిర్వహణలోకి వచ్చేసినట్టేనని చాలామంది పొరబడతారు. స్కాన్ ఉనికిని మాత్రమే చెబుతుంది. ప్రింటర్‌లోని టోనర్ స్థాయి చూడాలంటే ఎస్ఎన్ఎంపీ అనుమతి, కంప్యూటర్‌లోని సాఫ్ట్‌వేర్ జాబితా తీయాలంటే అడ్మిన్ ఖాతా లేదా అందులో స్థాపించిన ఏజెంట్ (సమాచారం పంపే చిన్న ప్రోగ్రామ్) విడిగా కావాలి.