తుఫాను భయం ఉన్న వీధిలో ఏ చెట్లు నాటాలి?

నమస్కారమండీ. 2013 అక్టోబరులో ఒడిశాలోని గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటిన ఫైలిన్ తుఫానులో చెట్లు కూలడం చూశాక, బరంపురంలోని మీ కాలనీవారు వీధిలో మొక్కలు వద్దంటున్నారని రాశారు. వారి భయం సహజమే. అయితే కూలే ప్రమాదం చెట్టు జాతిని బట్టీ, వేరుకు దొరికే చోటును బట్టీ చాలా మారుతుంది. కొమ్మలు పెళుసుగా ఉండే తురాయిని మానుకొని, తీగలు లేని వైపు కానుగ, వేప, పొగడ నాటండి. కరెంటు తీగల కింద పారిజాతం, దేవకాంచనం చాలు.

అన్నిటికంటే ముఖ్యమైనది మొదలు చుట్టూ సిమెంటు వేయకపోవడం. వేరుకు నీరు, గాలి అందక, అది పక్కలకు విస్తరించే వీలు లేకపోతే ఎంత గట్టి చెట్టయినా గాలికి ఒరిగిపోతుంది. మూడడుగుల గుంత తీసి, జూన్ చివర వానలు పడ్డాక నాటి, ఊతకర్ర కట్టి, ఏటా అక్టోబరుకు ముందే ఎండుకొమ్మలు తీయించండి.

నీడ గోడలను కాగనివ్వదు, ఆకులు ఆవిరిగా వదిలే నీరు గాలిని చల్లబరుస్తుంది. మే నెలలో వీధిలో కూరగాయలు అమ్ముకునేవారికి ఆ నీడే ఆధారం. ఈ మాట మీ సమావేశంలో తప్పక చెప్పండి.